కొత్త జెండాకు పసుపు

నా తర్వాత మా హైస్కూల్లో అటెండరుగా చేరిన లక్ష్మీదేవి మొన్న మా ఇంటికి వచ్చింది. చేతిలో జెండా తాడు ఉంది. దాన్ని తెచ్చి గడప మీద పెట్టింది.

"అవ్వా, పంద్రాగస్టు దగ్గరికొస్తాండాది. జెండా పని నాకెవురూ చెప్పల్యా. సార్లను అడిగితే రామక్కను అడుగుపో అంటాండారు."

"ముందు ఆ తాడు గడప మీంచి తియ్యి. తొక్కే చోట పెడతావా దాన్ని?" అన్నాను.

తీసింది. చూస్తే అది నైలాను తాడు. నైలానుకు ముడి నిలవదు, గాలికి తనంతట తనే జారిపోతుంది. నూలు తాడు తెమ్మని చెప్పి పంపాను. మిగతాది నోటితో చెబితే సగం మరిచిపోతుంది, అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. కాగితం వృథా చేయడం నాకు గిట్టదు. పనికొచ్చేదే రాస్తాను.

జెండా పని అంటే

బడిలో మన పని గంట కొట్టడం, గదులు ఊడ్వడం, నీళ్లు పట్టడం, తాళాలు చూసుకోవడం. వీటి మధ్య ఏడాదికి రెండు రోజులు జెండా. అందరూ అది ఆ రెండు రోజుల పనే అనుకుంటారు. కాదు, ఏడాది పొడుగునా ఉండే పని. జెండాను బాగా ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు వేసి బీరువాలో పెట్టాలి. దాని మీద సుద్దముక్కల పెట్టెలు పెట్టకూడదు. ఎలుక చేరిందేమో అప్పుడప్పుడూ చూడాలి. అంచు దారాలు లేస్తే దాన్ని ఎగరేయకూడదు. పాడైపోయిన జెండాను తుడుపుగుడ్డ చేయకూడదు, చెత్తలో వేయకూడదు. హెడ్మాస్టరుకు చెప్పి, నలుగురి కళ్లకూ దూరంగా, మర్యాదగా కాల్చాలి.

మా ఇంట్లో పాత చీర బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. మసిగుడ్డ కూడా పొయ్యి రాజేయడానికి పనికొచ్చాకే బయటికి పోతుంది. అట్లాంటి మనిషినైన నాకు, ఈ ఒక్క గుడ్డ దగ్గర పొదుపు పనికిరాదని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ముడి

నేను చేరిన కొత్తలో ఉన్న హెడ్మాస్టరు గారు మంచివారే గానీ భయం ఎక్కువ. మా దిక్కున ఆగస్టు గాలి ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు, గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ గాలికి జెండా ముందే విచ్చుకుంటే పరువు పోతుందని ఆయన ముందు రోజే ముడి మీద ముడి వేయించారు. నేనూ బిగించి కట్టాను.

మరుసటి రోజు అతిథి తాడు లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. మూట పైన అట్లాగే వేలాడింది. పిల్లలు నుదుటికి చేతులు ఆనించుకుని నిలబడి ఉన్నారు. జనంలోంచి ఎవడో అరిచాడు:

"ఏమన్నా, ఎద్దును లాగినట్ల లాగాల! పొద్దున ఏం తినల్యా?"

అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఎవరినైనా స్తంభం ఎక్కిస్తానన్నారు. అప్పుడు మా డ్రిల్లు మాస్టారు, పెద్దాయన, నిదానంగా ముందుకు వచ్చి, "ఎక్కేది లేదు, లాగేది లేదు సార్. దించి, ముడి మార్చి, మళ్లీ ఎక్కిస్తాం. పిల్లోల్లారా, చేతులు దించండప్పా" అన్నాడు. దించాడు. మేకను గుంజకు కట్టేటప్పుడు వేస్తామే, ఒక్క కొస లాగితే విడిపోయే జారుముడి, అది వేశాడు. ఎక్కించాడు. అతిథి మెల్లగా లాగితే జెండా విచ్చుకుంది.

ఆ రోజు నుంచి ముందు రోజు సాయంత్రం అదే కొలత తువ్వాలును మూటగా కట్టి, ఎక్కించి, లాగి చూసేదాన్ని. నువ్వూ అట్లాగే చూడు. జెండాతో మాత్రం ఆ పరీక్ష వద్దు. అయినా ముడి పడిందే అనుకో, గుంజులాడొద్దు. దించి మళ్లీ కట్టడంలో అవమానం ఏమీ లేదు. గుంజులాటే అవమానం.

పూల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మూటలో రేకులే వేయాలి, అవీ ఆరినవే. తడి పూలు మరక చేస్తాయి. గుప్పెడు చాలు. జెండా కనబడాలి గానీ పూలవాన కాదు.

పసుపు

ఇప్పుడు చెప్పేది నేను పని నుంచి దిగిపోవడానికి కొంచెం ముందు జరిగింది. విమల మేడం హెడ్మాస్టరుగా వచ్చిన ఏడాది. పాత జెండా అంచు గాలికి పీలికలైపోయిందని మేడం కొత్త ఖాదీ జెండా తెప్పించింది. ఆగస్టు పద్నాలుగు పొద్దున దాన్ని పొట్లంలోంచి తీసి, స్టాఫ్‌రూం బల్ల మీద శుభ్రమైన దుప్పటి పరిచి, మడతలతోనే పెట్టి, నేను స్తంభం గద్దె కడగడానికి పోయాను.

మా బడిలో మధ్యాహ్నం వంట చేసే ఓబులమ్మ అప్పుడు ఉప్పు కోసం స్టాఫ్‌రూంకి వచ్చింది. ఓబులమ్మ మొగుడు బెంగళూరులో కట్టుబడి పనికి పోయాడు. ఇద్దరు పిల్లలు మా బడిలోనే. ఆ వంటపని ఉంది కాబట్టి ఆమె పిల్లలను పట్టుకుని ఊర్లో నిలబడింది. అది పోతే ఆమె కూడా బెంగళూరు బస్సెక్కాలి, పిల్లల చదువు అక్కడితో సరి.

ఓబులమ్మ బల్ల మీద కొత్త జెండాను చూసింది. మనం కొత్త గుడ్డ కట్టేముందు ఏం చేస్తాం? కొసన పసుపు పెడతాం. ఆమె కూడా అదే చేసింది. వంటగదికి పోయి, చేతులు కడుక్కుని, పసుపు తడిపి తెచ్చి, పైకి కనబడుతున్న కొసన బొట్టంత పెట్టి, దండం పెట్టుకుంది. మడతల్లో పైకి తేలిన ఆ కొస తెల్లరంగుది.

అదే సమయానికి సైన్సు చెప్పే ప్రవీణ్ సార్ లోపలికి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. మరక చూసి హడలిపోయి, ఎవరినీ అడక్కుండా కొళాయి దగ్గరికి తీసుకుపోయి సబ్బు పెట్టి రుద్దాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుంది? పారాణి అవుతుంది. బొట్టంత పసుపు అరచేయంత ఎరుపైంది.

నేను వచ్చేసరికి ఆయన జెండాను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్నాడు. మేడం కూడా వచ్చింది.

"ఏడో తరగతికి పసుపు కాగితం పాఠం చెప్పేది మీరే కదా ప్రవీణ్?" అంది.

"నేనే మేడం."

"పిల్లలకు ఈసారి బాగా గుర్తుంటుంది లెండి."

తిట్టలేదు. కానీ మేడం ముఖం మాడిపోయి ఉంది. ఓబులమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"కొత్త గుడ్డ కదక్కా" అంది నాతో. "పిల్లోనికి బనీను కొన్నా పసుపు పెట్టకుండా తొడగం. ఇంత పెద్దదానికి పెట్టకుండా ఎట్ల కట్టేదని…"

"అడగాల్సింది గదా."

"ఎవురినడగాల? ఎప్పుడన్నా నన్ను జెండా కాడికి పిలిచినారా?"



వాన

ఇంతలో నాగేంద్ర వచ్చాడు. తల్లిదండ్రుల కమిటీ చైర్మన్. పొలాలున్న ఇల్లు, కాంట్రాక్టులు చేస్తాడు, ఎలక్షన్లప్పుడు ముందుంటాడు. కుర్చీలు, మైకు సంగతి చూడటానికి వచ్చి ఎర్రగా ఉన్న జెండా చూశాడు. ముందు ఫోను తీసి ఫొటో కొట్టాడు, తర్వాత నోరు తెరిచాడు.

"ఏంది మేడం ఇది? నెత్తురు పూసినట్ల ఉండాది. ఎవురు చేసినారు?"

ప్రవీణ్ సార్ నోరు తెరిచేలోపే ఓబులమ్మ, "నేనే అన్నా, పసుపు పెట్టినా" అంది.

"జెండాకు పసుపు పెట్టేదానికి ఇది మారెమ్మ గుడా? కేసైతాది, తెల్సునా?" అని మేడం వైపు తిరిగాడు. "రేపు మీటింగులోనే చెప్పండి, ఈమెను వంట నుంచి తీసేసినామని. లేకుంటే ఈ ఫొటో పైకి పోతాది. మా సుంకన్న భార్య ఉండాది, బాగా వండుతాది."

సుంకన్న అతని వెంట తిరిగే మనిషి. వంటపని తన మనిషికి ఇప్పించాలని అతను ఏడాదిగా చూస్తున్నాడు. అది ఊరంతటికీ తెలుసు.

"రేపు జెండా ఎగిరాక మాట్లాడతాను" అంది మేడం. అంతే.

అతను పోయాక నేను జెండాను మంచినీళ్లలో సబ్బు పోయేదాకా జాడించాను. ఎరుపు మళ్లీ పసుపైంది. పసుపుకు మందు ఎండ. ఇంట్లో చీర మీద పడినా అంతే కదా, ఉతికి ఎండలో వేస్తే రెండు మూడు పూటల్లో తెల్లబడుతుంది. మాకు ఉన్నది ఒక్క పూట. మేడం సరేనంటే మిద్దె మీద దుప్పటి పరిచి, జెండాను దాని మీద వేసి, కొసల మీద గుడ్డ చుట్టిన రాళ్లు పెట్టాను.

ఎండ అయితే మన సొంత ఆస్తి కదా, ఎప్పుడూ తక్కువ కాదు. కానీ ఆ రోజు మోడం పట్టింది. నెల నుంచి చినుకు లేదు. చేలల్లో శనక్కాయ ఊడలు దిగే సమయం, ఆ వారంలో వాన పడకపోతే పంట కట్టెలే. ఊరంతా తలెత్తి మబ్బును చూస్తోంది. ఎండ కోసం చూసేది నేనొక్కదాన్నే అనుకున్నాను. పక్కన ఓబులమ్మ కూర్చుని ఉంది. జెండాకు బారెడు దూరంలో, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని.

"వాన రాకూడదని మొక్కుకో" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "నా కూటి కోసం ఊరికి వాన వద్దని ఎట్ల మొక్కేదక్కా? అందరూ బతకాల. మా నాయన చేనూ అందులోనే ఉండాది."

ఇట్లాంటి మనిషినా జెండాను అవమానించిందని ఫొటో తీశారు అనుకున్నాను.

మధ్యాహ్నం కొంచెంసేపు ఎండ కాసింది. మరక లేతబడింది. తర్వాత గాలి తిరిగింది, మట్టి వాసన వచ్చింది, చినుకు మొదలైంది. జెండాను గుండెకు అదుముకుని నేను మెట్లు దిగుతుంటే కింద వీధిలో జనం కేకలు పెడుతున్నారు, సంతోషంతో. ఓబులమ్మ వానలోనే నిలబడి పైకి చూస్తోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. బహుశా రెండూ.

రాత్రంతా పడింది. మరక పోలేదు.

చిన్న జెండా

తెల్లారేసరికి మా దగ్గర ఉన్నవి మరక పడిన కొత్త జెండా, అంచు పీలికలైన పాత జెండా. రెండూ ఎగరేయకూడనివే. "మరక కింద నుంచి ఎవరికి కనబడుతుంది మేడం?" అన్నాడు ఒక సార్. "మనకు తెలుసు కదా" అంది మేడం.

అప్పుడు కాలనీ బడి జెండా గుర్తొచ్చింది. మాల మాదిగల కాలనీలో ఉన్న చిన్న బడిని మా బడిలో కలిపేసినప్పుడు బల్లలతోపాటు వాళ్ల జెండా కూడా వచ్చింది. ఎవరూ దాన్ని ఎగరేయమనలేదు. బీరువాలో వేపాకుల మధ్య శుభ్రంగా ఉంది. మేడం దాన్ని చూసి, "ఇదే కడదాం" అంది. ఓబులమ్మ చదివిన రెండు తరగతులూ ఆ జెండా బడిలోనే.

జెండా ఎగిరింది. పాట అయిపోయింది. హైస్కూలు స్తంభానికి అది మరీ చిన్నది. వాన పడిన సంతోషంలో జనం బాగా వచ్చారు. నాగేంద్ర ముందు వరుసలోంచి అందరికీ వినబడేటట్టు అన్నాడు:

"ఏమప్పా మేడం, ఇంత పొడుగు స్తంభానికి చేతిగుడ్డ కట్టినారు?"

నవ్వులు వినిపించాయి. మేడం మైకు తీసుకుంది. ముందుగా రాసుకున్న ఉపన్యాసం మడిచి పక్కన పెట్టింది.

"ఎందుకు చిన్నదో చెప్తాను. నిన్న కొత్త జెండా వచ్చింది. మా వంటామె ఓబులమ్మ దానికి పసుపు పెట్టింది, మీరు మీ పిల్లల కొత్త బట్టలకు పెట్టినట్టే. పెట్టకూడదు. జెండా మీద ఏమీ పెట్టకూడదు, ఏమీ రాయకూడదు. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలి? ఈ బడి చెప్పాలి. ఇన్నేళ్లూ మనం జెండా ఎగరేస్తుంటే ఆమె ఆ గోడ వెనక సేమ్యా పాయసం కలుపుతూ ఉంది. పాట వినబడితే గరిటె పట్టుకునే నిలబడి ఉంటుంది. తప్పు జరిగింది. అది బడిది. బడికి పెద్దను నేను, కాబట్టి నాది. ఓబులమ్మను తీసేయమన్నారు. తీసేయను."

నాగేంద్ర ఫోను చేతిలో పైకెత్తి లేచాడు. "చూడండప్పా, ఇది చూడండి, నెత్తురు మాదిరి…"

ఆడవాళ్ల వరుసలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. నాగేంద్ర తల్లి వెంకటమ్మ. మనవడికి బహుమతి ఇస్తారని వచ్చింది.

"ఒరే నాగేంద్రా! నీ కొత్త కారుకు పసుపు పూసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తివి కదరా. దాన్ని ఫొటో తీసి యాడికి పంపిస్తివి?"

"అమ్మా, నువ్వు ఊరుకో. ఇది జెండా."

"జెండా అని నాకూ తెల్సులే. ఆ ఓబులమ్మ తెలీక పెట్టె, ఇంక పెట్టదు. కూకో. ఆ ఫోను లోపల పెట్టు ముందు."

ఈసారి నవ్వు వేరే వైపు తిరిగింది. అతను కూర్చున్నాడు.

కానీ కథ అక్కడితో తీరలేదు. నాగేంద్ర ఫొటో పంపనే పంపాడు. పైనుంచి మేడాన్ని సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. బాధ్యత నాదేనని మేడం రాసిచ్చింది. ఓబులమ్మ పేరు రాయలేదు, ప్రవీణ్ సార్ పేరూ రాయలేదు. కొన్నాళ్లకు మేడాన్ని దూరంగా ఇంకో మండలానికి మార్చారు. ఇందుకేనో కాదో నాకు తెలియదు, కాబట్టి ఇందుకేనని రాయను. లక్ష్మీదేవీ, నేను చాలామంది హెడ్మాస్టర్లను చూశాను. జెండా వందనం రోజు అందరూ గొప్పగానే మాట్లాడతారు. సంజాయిషీ కాగితం వచ్చిన రోజు ఎవరి పేరు రాస్తారో, అది చూసి మనిషిని లెక్కగట్టు.

దించేటప్పుడు

ఎగరేసేటప్పుడు ఊరంతా ఉంటుంది. మిఠాయి పంచగానే అందరూ వెళ్లిపోతారు. పొద్దు గుంకే ముందు దించేటప్పుడు అటెండరు తప్ప ఎవరూ ఉండరు. మన పనిలో గట్టి భాగం అదే. గబగబా లాగేయొద్దు, నిదానంగా దించు. నేలకు తగలనివ్వొద్దు. మడవడానికి ఇద్దరు కావాలి, చెరో వైపు పట్టుకుని. కాషాయాన్నీ, పచ్చనీ తెలుపు కిందికి మడిచి, చక్రం పైకి కనబడేటట్టు రెండు కొసలూ లోపలికి మడవాలి. ఇద్దరు లేరని నేను చాలా ఏళ్లు బల్ల మీద పరిచి ఒక్కదాన్నే మడిచాను.

మేడం బదిలీ అయ్యేలోపు ఒక పద్ధతి పెట్టిపోయింది. జెండా వందనం రోజు పొయ్యి ఆర్పాలి. వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ వచ్చి వరుసలో నిలబడాలి. పాయసం కొంచెం ఆలస్యమైతే కానీ. ఆ పద్ధతిని ఎవరు వచ్చినా మాననివ్వొద్దు. ఇది నీకు నేను అప్పజెబుతున్న మొదటి పని, తాడు రెండోది.

పసుపు పడిన జెండాను నేను ఆ తర్వాత ఎండ కాసిన రోజులన్నీ మిద్దె మీద ఆరబెట్టాను. తెల్లగా అయింది. సంక్రాంతి సెలవులయ్యాక జనవరి ఇరవై ఆరున అదే ఎగిరింది. ఓబులమ్మ పొయ్యి ఆర్పి, తల దువ్వుకుని, ఆడ టీచర్ల పక్కన నిలబడింది. పాట పాడేటప్పుడు పెదవులు కదిలాయి. మాటలు వచ్చునో రావో నేను అడగలేదు.

సాయంత్రం నేను స్తంభం దగ్గరికి పోయేసరికి ఆమె అక్కడే ఉంది. జెండా దించాను. "ఆ వైపు పట్టు" అన్నాను. చేతులు వెనక్కి దాచుకుంది.

"నేను ముట్టనక్కా."

"ఎందుకు?"

చేతులు చూపించింది. ఏళ్లుగా పప్పులో, పులుసులో పసుపు కలిపిన వేళ్లు. గోళ్ల చుట్టూ పచ్చగా ఉంది. "ఎంత తోమినా పోదు. మళ్లీ అంటుకుంటే?"

నేను ఆమె చేయి లాక్కుని, నా తెల్లచీర కొంగుకు గట్టిగా రుద్దాను. కొంగు చూశాం ఇద్దరం. ఏమీ అంటలేదు.

"పట్టు" అన్నాను.

పట్టుకుంది. పసిబిడ్డ తల పట్టుకున్నట్టు కింద అరచెయ్యి వేసి పట్టుకుంది. నిదానంగా మడిచాం.

లక్ష్మీదేవీ, అప్పటి నుంచి ఆ కొస ఆమెదే. నువ్వు రెండో కొస పట్టుకో.